షెల్టర్ బాగుంటే జనం అలవాటు పడిపోతారా? ఇంగ్లండ్ వర్క్‌హౌస్‌లలో జరిగింది చూడండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు గిల్‌ఫర్డ్ ఊళ్లో ‘స్పైక్’ అనే పాత కట్టడం చూశారు. వరసగా చిన్న చిన్న గదులు, రాళ్లు కొట్టే కొట్లు, గోడలో ఇనుప జాలీలు. ఇల్లు లేనివాళ్లు రాత్రి తలదాచుకున్న చోటు అని గైడు చెబితే, ఇది జైలు కదా అనిపించింది మీకు. తిరిగి వచ్చాక మీ ఊరి నైట్ షెల్టర్ కమిటీ మీటింగులో ఒక పెద్దాయన, “సౌకర్యాలు పెంచితే అలవాటు పడిపోతారమ్మా. ఆ ఇంగ్లిష్ వాళ్లలాగా పని చేయించుకుని పొద్దున్నే పంపెయ్యాలి” అన్నారు. అక్కడ అంత ఘోరంగా ఎందుకు ఉండేది, డబ్బు లేకనా, అలా చేసి వాళ్లు సాధించిందేమిటి అని అడిగారు.

నేను ఇంగ్లండులో ఇరవై రెండేళ్లు నిరాశ్రయుల హాస్టళ్లలో పనిచేశాను. రాత్రి డ్యూటీలే ఎక్కువ. ఆ రోజుల్లోనే పాత వర్క్‌హౌస్‌ల, అంటే గతిలేనివాళ్లకు పని చేయించుకుని తిండీ చోటూ ఇచ్చిన కట్టడాల, చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఎందుకంటే మా హాస్టల్‌లో రోజూ పాటించే కొన్ని రూల్స్ ఎక్కడినుంచి వచ్చాయో ఎవరినడిగినా చెప్పలేకపోయేవారు. చదివితే తెలిసింది, అవి నూటయాభై ఏళ్ల కిందటివి.

ముందు డబ్బు సంగతి చెబుతాను. డబ్బు లేక కాదమ్మా. ఘోరంగా ఉండాలనే అలా పెట్టారు. ఇది నా కోపంలోంచి వచ్చిన మాట కాదు, వాళ్లే రాసి పెట్టుకున్న సూత్రం. 1834లో ఇంగ్లండు పేదల చట్టాన్ని మార్చారు. సర్కారు సాయం తీసుకునేవాడి బతుకు, బయట కష్టపడి బతికే అతి పేద కూలీ బతుకు కన్నా హీనంగా ఉండాలి, అప్పుడే నిజంగా గతిలేనివాడు తప్ప ఇంకెవరూ తలుపు తట్టరు అన్నది ఆ మార్పు వెనక ఉన్న ఆలోచన. ఎడ్విన్ చాడ్విక్, నసావు సీనియర్ అనే ఇద్దరు ఆ మార్పుకు దారితీసిన ప్రభుత్వ నివేదిక రాసినవాళ్లలో ముఖ్యులు. ఇప్పుడు ఒకటి ఆలోచించండి. బయట కూలీ అప్పటికే అర్ధాకలితో, చెమ్మగోడల గదిలో బతుకుతున్నాడు. లోపల అంతకన్నా హీనంగా ఉండాలంటే ఇంక ఎంతకు దిగజారాలి?

1845లో ఆండోవర్ అనే ఊళ్లో ఆ లోతు బయటపడింది. అక్కడి వర్క్‌హౌస్‌లో ఎరువు కోసం పశువుల ఎముకలు దంచే పని పెట్టారు. దంచేవాళ్లు ఆకలికి తట్టుకోలేక ఆ ఎముకలకు అంటుకున్న కుళ్లు మాంసాన్నీ, లోపలి మూలుగనూ తిన్నారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఎముకలు దంచే పని ఆపేశారు. సూత్రం మాత్రం అలాగే ఉండిపోయింది.

మీరు చూసిన స్పైక్ వర్క్‌హౌస్‌లో ఒక భాగం. ఊరివాళ్లయిన ముసలివాళ్లు, అనాథలు, రోగులు నెలలు, ఏళ్లు ఉండేది వర్క్‌హౌస్‌లో. పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగేవాళ్లకు ఒకటి రెండు రాత్రులు చోటిచ్చేది పక్కనే ఉండే క్యాజువల్ వార్డు. దాన్నే జనం స్పైక్ అనేవారు. 1834 చట్టం రాసినవాళ్లకు ఈ బాటసారుల సంగతి గుర్తే లేదు. రోడ్ల మీద జనం చచ్చిపోవడం మొదలయ్యాక, 1837లో, అత్యవసరమైతే ఎవరికైనా తిండీ చోటూ ఇవ్వండి, బదులుగా పని చేయించుకోండి అని ఉత్తర్వు పంపారు.

ఖర్చు మాత్రం ఆ ప్రాంతంలో పన్ను కట్టేవాళ్లే భరించాలి. అసలు కీలకం ఇక్కడుంది. పరాయి ఊరివాడికి మా పన్నుతో తిండి ఎందుకు అని వర్క్‌హౌస్ నడిపే ప్రతి స్థానిక బోర్డూ అనుకుంది. ఫలానా ఊళ్లో రొట్టె బాగుంటుందని రోడ్డు మీద మాట పాకితే అందరూ అక్కడికే వస్తారు. కాబట్టి పక్క ఊరి కన్నా మనది కాస్త అధ్వానంగా ఉండాలి. పక్క ఊరూ అదే అనుకుంది. దేశమంతా ఇదే పోటీ. లండన్‌లో కొన్ని బోర్డులు ఏకంగా తలుపులే మూసేసుకునేవి. 1855 నవంబరులో ఒక వాన రాత్రి నవలా రచయిత చార్ల్స్ డికెన్స్ వైట్‌చాపెల్ వర్క్‌హౌస్ గోడ పక్కన ఐదు గుడ్డల మూటలు చూశాడు. దగ్గరికెళితే మనుషులు. లోపల చోటు లేదని తలుపు తియ్యలేదు. ఒక్కొక్కరికి ఒక షిల్లింగు ఇచ్చి, ఆ సంగతి తన పత్రికలో రాశాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1864లో, ఈ ఖర్చును లండన్ అంతా కలిసి పంచుకోవాలని చట్టం తెచ్చారు. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఏముందో పదిమందికీ తెలిసింది మాత్రం ఒక విలేఖరి వల్ల. జేమ్స్ గ్రీన్‌వుడ్ అనే ఆయన 1866 జనవరి 8 రాత్రి చిరుగు కోటు వేసుకుని లాంబెత్ వర్క్‌హౌస్‌కు బిచ్చగాడిలా వెళ్లాడు. ఒక రాత్రంతా అక్కడ గడిపి, చూసింది చూసినట్టు ‘పాల్ మాల్ గెజెట్’లో రాశాడు. స్నానం చెయ్యమని చూపించిన తొట్టెలో నీళ్లు పలచటి మాంసం పులుసులా ఉన్నాయి. ఎంతోమంది ముందే మునిగి లేచిన నీళ్లవి. బట్టలు మూటగట్టి తీసేసుకుని ఒక చొక్కా ఇచ్చారు. పడుకోవడానికి ఒకవైపు గోడ సరిగ్గా లేని రేకుల కొట్టంలాంటి చోటు, రాతి నేల, ఎండుగడ్డి నింపిన సంచులు. తనకు దొరికిన సంచి మీద అరచెయ్యంత రక్తపు మరక. అది జనవరి నెల అని మర్చిపోకండి. చలికి ఓర్చుకోలేక ఇద్దరేసి ముగ్గురేసి సంచులు కలుపుకుని ఒకరినొకరు కావలించుకుని పడుకున్నారు. పొద్దున్నే రొట్టె ముక్క, ఓట్స్ జావ. ఆ జావను అక్కడివాళ్లు ‘స్కిల్లీ’ అనేవారు. అది తాగి పిండిమర చేతితో తిప్పాలి.

ఆ రచన సంచలనం అయింది. జనం పత్రిక కోసం ఎగబడ్డారు. దాని ఫలితం ఏమైందో మీ కమిటీకి తప్పకుండా చెప్పండి, చాలామందికి తెలియని సంగతి ఇది. పెద్దమనుషులు చలి గురించి, ఆకలి గురించి అంతగా బాధపడలేదు. మగవాళ్లు గుంపుగా ఒకే కొట్టంలో పడుకోవడం వాళ్లకు ఎక్కువ రోతగా తోచింది. దాంతో గుంపు పడక తగ్గించి, ఒక్కొక్కరికి ఒక్కో గది కట్టడం మొదలైంది. మీరు చూసిన గదులు ఆ దారిలో వచ్చినవే, గిల్‌ఫర్డ్‌ది 1906 నాటిది. గోడలు శుభ్రపడ్డాయి. మనిషి ఒంటరి ఖైదీ అయ్యాడు.

ఆ గదిలో పని ఎలా ఉండేదో చెబుతాను. సుత్తి ఇచ్చి రాళ్ల కుప్ప పోస్తారు. కొట్టిన ముక్క ఆ ఇనుప జాలీ కన్నంలోంచి బయటికి పడేంత చిన్నదవ్వాలి. పెద్ద ముక్క పడదు. అంటే కాపలావాడు నిలబడి చూడక్కర్లేదు, జాలీయే తనిఖీ చేస్తుంది. అర టన్నుకు పైగా రాయి కొట్టించిన చోట్లున్నాయి. రాయి లేనిచోట ‘ఓకమ్’. తారు పట్టి గట్టిపడ్డ పాత ఓడ తాళ్లను గోళ్లతో విప్పి పీచు పీచు చెయ్యాలి. రెండు రాత్రులు ఉండేవాడికి దాదాపు రెండు కిలోలు. వేళ్ల చివర్లు పగిలి రక్తం కారేది. ఓడల సందులు పూడ్చడానికి ఆ పీచు వాడేవారు. ఇనుప ఓడలు వచ్చాక దానికి గిరాకీ తగ్గిపోయింది. అయినా పని మాత్రం మానలేదు. ఎందుకంటే ఆ పని లాభం కోసం పెట్టింది కాదు, మనిషిని రాకుండా చెయ్యడానికి పెట్టింది.

“పని చేయించుకుని పొద్దున్నే పంపెయ్యాలి” అన్నారు కదా మీ పెద్దాయన. వాళ్లు పొద్దున్నే పంపలేదు. 1871 చట్టం మరుసటి రోజు పదకొండు దాకా ఆపింది. 1882 చట్టం ఇంకా బిగించింది. సోమవారం సాయంత్రం లోపలికి వెళ్లినవాడు బుధవారం ఉదయం తొమ్మిదికి గానీ బయటికి రాలేడు. అదే నెలలో రెండోసారి అక్కడికే వస్తే ఇంకా ఎక్కువ రోజులు ఆపుతారు. దీని పరిణామాలు చూడండి. లండన్ రేవుల్లో కూలీలను పిలిచేది తెల్లవారుజామున. తొమ్మిదికి బయటపడ్డవాడికి ఆ రోజు కూలి పోయినట్టే. పని వెతుక్కోవాలని ఉన్నవాడిని పని దొరికే వేళకు తాళం వేసి ఉంచడం. తర్వాత కొంత సడలింపు ఇచ్చారు గానీ అన్నిచోట్లా పాటించలేదు.

ఒకేచోటికి రెండోసారి వస్తే ఇంకా ఎక్కువ రోజులు ఆపుతారు కాబట్టి మనిషి నడుస్తూనే ఉండాలి. ఈ స్పైక్ నుంచి ఆ స్పైక్‌కు పదిహేను ఇరవై మైళ్లు. నడిచి, సాయంత్రం క్యూలో నిలబడి, రొట్టె తిని, తాళం వెనక పడుకుని, రాయి కొట్టి, మళ్లీ నడక. ఇలా ఏడాది తిరిగినవాడికి ఏ ఊళ్లో పరిచయం ఉంటుంది? ఏ యజమాని పని ఇస్తాడు? దేశదిమ్మరులను తగ్గించడానికి పెట్టిన చట్టమే దేశదిమ్మరులను తయారుచేసింది. ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే విషయం.

జాక్ లండన్ అనే అమెరికన్ రచయిత 1902లో వైట్‌చాపెల్ స్పైక్‌లో చేరాడు. గంటల తరబడి నిలబడితే గానీ చోటు దొరకలేదు. ఇద్దరిద్దరిని స్నానానికి పంపారు. ఇరవై ఇద్దరం అవే నీళ్లలో మునిగామని నమ్మకంగా రాశాడు. ముందున్నవాడి వీపంతా పురుగులు కుట్టి, గోక్కుని రక్తసిక్తమై ఉంది. మర్నాడు పక్కనున్న ఆస్పత్రిలో చెత్త మోసే పని. రోగుల కంచాల్లో మిగిలిన ఎంగిలి తెచ్చి పోస్తే, ఆకలితో ఉన్నవాళ్లు దాన్నే ఎగబడి తిన్నారు. గ్రీన్‌వుడ్ రాసి ముప్ఫయ్యారేళ్లు గడిచినా స్నానపు తొట్టె మారలేదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా తక్కువమంది రాశారు. ఓల్డ్‌హామ్‌లో ఒక చర్చి పాస్టరు భార్య, మేరీ హిగ్స్, బీదరాలి వేషంలో ఈ వార్డులకు వెళ్లింది. కేంబ్రిడ్జిలో సైన్సు చదివిన తొలితరం ఆడవాళ్లలో ఒకరు ఆవిడ. తను చూసింది 1904లో వేసిన ప్రభుత్వ కమిటీ ముందు చెప్పింది. ఆడవాళ్ల వార్డు తాళంచెవి మగవాడి చేతిలో పెట్టడం ఆవిడకు ఎదురైన దారుణాల్లో ఒకటి. అలాంటి చోట చేరడం కన్నా ఒంటరి ఆడది వీధిలోనే ఎందుకు ఉండిపోతుందో ఆవిడ మాటలు చదివితే తెలుస్తుంది. మీ షెల్టర్‌లో ఆడవాళ్ల గది తాళం రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుందో ఒకసారి కనుక్కోండి.

డబ్బు లేక కాదు అన్నానే, దానికి సాక్ష్యం ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1931లో అచ్చువేసిన అనుభవంలో ఉంది. స్పైక్‌లో ఉన్నప్పుడు ఒక రోజు ఆయన్ను వర్క్‌హౌస్ వంటగదిలో పనికి పెట్టారు. అక్కడ వర్క్‌హౌస్‌వాళ్లు తినగా మిగిలిన మాంసం, కూరలు పళ్లెంలకు పళ్లెంలు చెత్తకుండీలో పారబోయడం కళ్లారా చూశాడు. అదే వేళకు, గోడకు అవతల, స్పైక్‌లో ఉన్నవాళ్లు రొట్టె, జున్ను తింటున్నారు. మిగిలింది వాళ్లకు పెట్టొచ్చు కదా అంటే, పెట్టకూడదనేదే విధానం. పారబోసినా ఫర్వాలేదు, వాడికి మాత్రం మంచి తిండి దొరకకూడదు. మన ఇళ్లల్లో అన్నం పారేస్తే కళ్లకద్దుకుని పారేస్తాం. ఆ పేరా చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంత కష్టపెట్టాక జనం రావడం మానేశారా? లేదు. పనులు లేని కాలంలో వరసలు పెరిగేవి, పనులున్నప్పుడు తగ్గేవి. జావ పలచనా చిక్కనా అనేదానితో దానికి సంబంధం లేదు. కొంతమంది కావాలని కిటికీ అద్దం పగలగొట్టో, ఒంటి మీది బట్టలు చింపుకునో జైలుకు వెళ్లేవారు. జైల్లో తిండి నయం, రోజూ నడవక్కర్లేదు. ఇక రాకుండా పోయింది ఎవరంటే ముసలివాళ్లు, దగ్గు రోగులు, ఆడవాళ్లు, సిగ్గుపడేవాళ్లు. అంటే ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లు.

ఈ సూత్రం మన గడ్డ మీదా నడిచింది. మీ పెద్దాయనకు ధాత కరువు పేరు తెలిసే ఉంటుంది. 1876 నుంచి 78 దాకా బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను తినేసిన కరువు. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనులకు మరీ ఎక్కువమంది వస్తున్నారని మగమనిషి కూలి రోజుకు ఒక పౌను ధాన్యానికీ, కొద్ది చిల్లరకూ తగ్గించాడు. పౌను అంటే అర కిలో కూడా లేదు. దానితోనే రోజంతా మట్టి తవ్వాలి. మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్, ఆ కూలితో మనిషి బతకడని ఎదురుతిరిగి వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొంత పెంచారు. ఆలోపు ఎంతమంది పోయారో ఊళ్లకు ఊళ్లే సాక్ష్యం. లండన్‌లో రాళ్లు కొట్టించిన లెక్క, కర్నూల్లో మట్టి తవ్వించిన లెక్క ఒకటే: సాయం మరీ సులువుగా దొరక్కూడదు.

మారింది ఎలాగో కూడా చెప్పాలి, లేకపోతే మీకు నిరాశ మిగులుతుంది. 1894 దాకా వర్క్‌హౌస్ నడిపే బోర్డులో, అంటే గార్డియన్ల బోర్డులో, కూర్చోవాలంటే ఆస్తి ఉండాలి. ఆ ఏడు ఆ నిబంధన ఎత్తేశారు. కూలీలు బోర్డుల్లోకి రాగలిగారు, ఆడవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. తూర్పు లండన్‌లోని పాప్లర్‌లో విల్ క్రుక్స్ అనే ఆయన చిన్నప్పుడు వర్క్‌హౌస్‌లో ఉన్నవాడు. పెద్దయ్యాక అదే బోర్డుకు ఛైర్మన్ అయ్యాడు. ఆయనా, తోటి బోర్డు సభ్యుడు జార్జ్ లాన్స్‌బరీ కలిసి అక్కడి తిండీ బట్టలూ మార్చారు. జావ ఎలా ఉంటుందో తాగినవాడికి తెలుసు. 1930లో గార్డియన్ల బోర్డులు పోయాయి, 1948లో పేదల చట్టమే పోయింది. ఇల్లు లేనివాళ్లకు ఇల్లు చూపించాల్సిన బాధ్యత స్థానిక సంస్థల మీద పెట్టిన చట్టం 1977లో వచ్చింది, అదీ అందరికీ కాదు. వీధిలో పడుకోవడం నేరం అన్న 1824 నాటి చట్టాన్ని తీసేయాలని పార్లమెంటు 2022లో తీర్మానించినా అది వెంటనే అమల్లోకి రాలేదు.

నేను పనిచేసిన ఒక హాస్టల్‌లో ఉదయం ఎనిమిదికి అందరినీ బయటికి పంపేవాళ్లం. వాన పడినా, మంచు కురిసినా సరే. సాయంత్రం ఆరుకు మళ్లీ తలుపు తీస్తాం. ఎందుకు అని మా మేనేజర్ని అడిగితే, “పగలూ ఉండనిస్తే అలవాటు పడతారు” అన్నాడు. మీ పెద్దాయన మాటే. జ్వరంతో ఉన్నవాడిని కూడా లేపి చెప్పులు తొడిగించి పంపాను నేను, ఒకసారి కాదు. దానికి ఇప్పటికీ బాధపడతాను.

ఇప్పుడు మీ కమిటీ విషయం. మన దేశంలో ఈ చర్చ మళ్లీ మొదటినుంచి చెయ్యక్కర్లేదు. 2010లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, పట్టణ జీవనోపాధి మిషన్ కింద నిబంధనలు రాశారు. లక్ష జనాభాకు కనీసం వందమందికి చాలే పక్కా షెల్టర్, ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలన్నాయి ఆ నిబంధనలు. పని చేస్తేనే పడక అని అందులో లేదు. మీ షెల్టర్ పొడవు వెడల్పులు కొలిచి పడకల సంఖ్యతో భాగించండి, సగం వాదన అక్కడే తేలిపోతుంది. బలవంతంగా తెచ్చి పడెయ్యడం కూడా ఒప్పుకోవద్దు. 2017లో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సుకు ముందు బిచ్చగాళ్లను పట్టుకుని జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు, గుర్తుండే ఉంటుంది. తాళం వేసి ఉంచేదాన్ని షెల్టర్ అనలేం.

మీ ఊళ్లో షెల్టర్ పక్కనే ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు ఉంటే, వాళ్లు లోపలికి ఎందుకు రావట్లేదో వాళ్లనే అడగండి. కమిటీ మొత్తం వద్దు, మీరొక్కరే వెళ్లండి, పక్కన కూర్చుని టీ తాగుతూ అడగండి. సోమరితనం అని ఎవరైనా అంటే నమ్మకండి. నల్లులు, తాగి కొట్టేవాళ్లు, భార్యాభర్తలను విడదీయడం, రిక్షా పెట్టుకునే చోటు లేకపోవడం, ఆధార్ అడగడం, తెల్లవారుజామున మూడింటికి మార్కెట్ పనికి వెళ్లాలంటే గేటు తియ్యకపోవడం, ఇలాంటివే చెబుతారు. ఒక్కోదానికి మందు ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు.

మా హాస్టల్ బయట బస్టాపులో ఒక ముసలాయన రెండు శీతాకాలాలు పడుకున్నాడు. ఎన్నిసార్లు పిలిచినా రాడు. మొండివాడని రాసేశాం ఫైల్లో. ఒక రాత్రి పక్కన కూర్చుంటే చెప్పాడు. ఆయన సంచిలో చనిపోయిన భార్య ఫోటోలు, కొన్ని ఉత్తరాలు ఉన్నాయి. అంతకుముందు ఏదో షెల్టర్‌లో స్నానానికి వెళ్లి వచ్చేసరికి ఒక సంచి పోయిందట. మా దగ్గర సామాను తలుపు దగ్గర తీసుకుని ఒక మూల కుప్ప పోసేవాళ్లం, పాత స్పైకుల్లో బట్టలు మూటగట్టి తీసుకున్నట్టే. ఆ నెల నలుగురం తలా కొంత వేసుకుని తాళం పడే ఇనుప అల్మరాలు ఆరు కొనిపించాం. వాటిలో ఒకదాని తాళంచెవికి తాడు కట్టి ఆయన చేతికిచ్చాను. మెడలో వేసుకుని ఆ రాత్రే లోపలికి వచ్చాడు.